కాక్రేన్ లైబ్రరీ: మందు పనిచేస్తుందా అని అడిగినవారికి రెండు అంకెల జవాబు

మా మేనకోడలికి ముప్పై ఒకటో వారంలోనే నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రిలో చేర్చుకున్న కాసేపటికే నర్సు ఒక ఇంజక్షన్ ఇచ్చి, పన్నెండు గంటలకొకటి చొప్పున మరో మూడు ఇవ్వాలని కేస్ షీటులో రాసింది. మందు పేరు డెక్సామెథసోన్, మోతాదు 6 మిల్లీగ్రాములు. పొట్టలోని బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వానికి రావడానికి ఇస్తున్నామని డాక్టరుగారు ఓపికగానే చెప్పారు. అయినా అది స్టెరాయిడ్ అని వినగానే మా బావగారి ముఖం మారిపోయింది. వరండాలో బల్లమీద నా పక్కన కూర్చుని, "ఏమయ్యా, జీవితమంతా పిల్లలకు స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పావు కదా, ఈ మందు నిజంగా పనిచేస్తుందా, తల్లికేమైనా ముప్పుందా, నువ్వు చూసి చెప్పు" అన్నారు. నేను వైద్యుణ్ణి కాను. వైద్యంలో తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. కానీ ఆయన అడిగిన రెండు ప్రశ్నలకూ ప్రపంచంలో ఇప్పటివరకు పోగైన సాక్ష్యం ఎక్కడ దొరుకుతుందో, దాన్ని ఎలా చదవాలో తెలుసు కాబట్టి ఫోనులో కాక్రేన్ లైబ్రరీ తెరిచాను. చాలా ఏళ్లుగా తరగతిలో ఉదాహరణల కోసం వాడుకున్న ఈ సేవను సొంత మనిషి కోసం వాడటం అదే మొదటిసారి. ఆ అనుభవంతోనే ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా ఇదేమిటో తెలియనివారి కోసం నాలుగు మాటలు. స్కాట్లాండుకు చెందిన వైద్యుడు ఆర్చీ కాక్రేన్ 1979లో తన వృత్తివారందరినీ ఒక మాట నిలదీశారు: ఏ చికిత్సమీద ఏ ప్రయోగాలు జరిగాయో, వాటిని కలిపి చూస్తే ఏమి తేలుతుందో ఒక్కచోట చేర్చి, ఎప్పటికప్పుడు సరిదిద్దుకునే ఏర్పాటు వైద్యరంగానికి ఎందుకు లేదని. ఆ పని అన్నిటికన్నా అధ్వానంగా ఉన్నది కాన్పుల వైద్యంలోనేనని ఆయన అన్నారు. ఆ నింద పడిన రంగమే తరవాత అందరికన్నా ముందు మేలుకుంది. ఇంగ్లండులో ఇయన్ చామర్స్ బృందం గర్భిణులకు, నవజాత శిశువులకు సంబంధించిన ప్రయోగాలన్నిటినీ వెతికి క్రోడీకరించింది. ఆ పనిలోంచే 1993లో కాక్రేన్ సంస్థ పుట్టింది. ప్రయోగాలను వెతికి, నాణ్యతను బేరీజు వేసి, ఫలితాలను కలిపి లెక్కగట్టే క్రమబద్ధ సమీక్షలను ఈ సంస్థ తయారుచేస్తుంది. మందుల కంపెనీల డబ్బు తీసుకోకూడదన్నది దాని నియమం. ఆ సమీక్షలన్నీ ఉండే చోటు కాక్రేన్ లైబ్రరీ. మన దేశంలో 2007లో భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటికీ కలిపి చందా కట్టడంతో, ఏ కళాశాల గుర్తింపూ లేని సామాన్యుడు కూడా ఇంటినుంచి పూర్తి పాఠం చదివే వీలు కలిగింది. దక్షిణాసియా కేంద్రం మనకు దగ్గరలోనే, వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో ఏర్పడింది.

ఈ సంస్థ ముద్రను మీరు చూసే ఉంటారు. వృత్తంలాంటి చట్రంలో నిట్టనిలువుగా ఒక గీత, దానికి అడ్డంగా పొడవూ పొట్టిగా గీతలు (మొదటి ముద్రలో ఏడు), కింద ఒక చిన్న వజ్రం గుర్తు. చాలామంది అలంకారం అనుకుంటారు. నిజానికి అది ఒక లెక్క. బావగారు అడిగిన ఇంజక్షన్ లెక్కే. నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదమున్న తల్లులకు స్టెరాయిడ్ ఇస్తే బిడ్డల మరణాలు తగ్గుతాయా అని పరీక్షించిన ఏడు ప్రయోగాల ఫలితాలే ఆ ఏడు గీతలు. ఆసుపత్రి వరండాలో ఆ బొమ్మను పెద్దది చేసి చూపించి, "మీ ప్రశ్నకు జవాబు వీళ్ళ ముద్రలోనే ఉంది బావగారూ" అన్నప్పుడు ఆయన కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయారు.

ఒక్కో అడ్డగీత ఒక్కో ప్రయోగం ఇచ్చిన కాన్ఫిడెన్స్ ఇంటర్వల్. ఇక్కడినుంచి దాన్ని విశ్వాస అంతరం అంటాను. ప్రయోగం చేసినవారికి దొరికే ఒక అంకె, అసలు నిజానికి ఒక అంచనా మాత్రమే. అదే ప్రయోగం వేరే తల్లులతో మళ్ళీ చేస్తే అంకె కొంచెం మారుతుంది. ఎంతవరకు మారవచ్చో లెక్కగట్టి, ఈ చివరనుంచి ఆ చివరవరకు ఉన్న విలువలు మన సమాచారంతో పొసుగుతున్నాయి అని చెప్పేదే విశ్వాస అంతరం. నిట్టగీత అంటే తేడా లేదని అర్థం. మందు తీసుకున్నవారిలో, తీసుకోనివారిలో మరణాలు సమానమైతే వాటి నిష్పత్తి 1 అవుతుంది కాబట్టి ఆ గీత 1 దగ్గర ఉంటుంది. అడ్డగీత పూర్తిగా ఎడమవైపు ఉంటే మందు మేలుచేసిందని, పూర్తిగా కుడివైపు ఉంటే కీడు చేసిందని, నిట్టగీతను దాటి రెండువైపులా పరుచుకుంటే ఆ ఒక్క ప్రయోగంతో తేల్చి చెప్పలేమని చదువుకోవాలి. గీత ఎంత పొట్టిగా ఉంటే ప్రయోగం అంత కచ్చితంగా చెప్పినట్టు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టిచూస్తే చాలంటారు మన పెద్దలు. గిన్నెలో బియ్యమంతా ఒకే నీళ్ళలో, ఒకే మంటమీద ఉడుకుతోంది కనుక అక్కడ అది నిజం. రోగుల విషయంలో అది చెల్లదు. ఒక బిడ్డ ఇరవై ఎనిమిదో వారంలో, ఒక బిడ్డ ముప్పై నాలుగో వారంలో పుడతారు. ఒక తల్లికి రక్తపోటు ఉంటుంది, ఇంకొకరికి ఉమ్మనీరు ముందే పోయి ఉంటుంది. అందుకే ఎవరికి మందు, ఎవరికి ఉత్తుత్తి మందు అనేది చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా నిర్ణయించాలి, ఎక్కువమందిని చూడాలి, అలా చూశాక కూడా ఎంత సందేహం మిగిలిందో చెప్పాలి. ఆ మిగిలిన సందేహానికి కొలతే అంతరం వెడల్పు.

95 శాతం అనే మాట దగ్గర చదువుకున్నవారు కూడా తడబడతారు కాబట్టి దాన్ని ఇక్కడే సరిచేసుకోవడం మంచిది. గణాంక శాస్త్రవేత్త యెర్జీ నేమన్ 1937లో ఈ పద్ధతికి గణిత రూపం ఇచ్చినప్పుడు చెప్పిన భావం ఇది: ఇదే విధానంతో వందసార్లు ప్రయోగం చేసి వంద అంతరాలు గీస్తే, వాటిలో సుమారు తొంభై అయిదు అసలు విలువను తమలో ఇముడ్చుకుంటాయి. మన చేతిలో ఉన్న అంతరం ఆ తొంభై అయిదులోదో, మిగిలిన అయిదులోదో మనకు కనబడదు. హామీ పద్ధతికే కాని, ఒక్కో అంతరానికి విడివిడిగా కాదు. అదీకాక, ఈ లెక్కలోకి వచ్చేది యాదృచ్ఛికంగా కలిగే తేడా మాత్రమే. ప్రయోగమే సరిగ్గా జరగకపోతే, మందు ఎవరికి అందిందో ముందే తెలిసిపోతే, మధ్యలో తప్పుకున్నవారి సంగతి దాచేస్తే, ఆ దోషాలేవీ అంతరం వెడల్పులో కనబడవు. కాక్రేన్ సమీక్షల్లో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఇక్కడే ఉంది. ప్రతి ముఖ్య ఫలితం పక్కన అంతరంతోపాటు, ఆ సాక్ష్యాన్ని ఎంతవరకు నమ్మవచ్చో అధికం, మధ్యస్థం, తక్కువ, అతి తక్కువ అనే నాలుగు తరగతుల్లో విడిగా చెబుతారు. ఈ రెండూ కలిపి చదివితేనే లెక్క పూర్తవుతుంది.

ఇక ముద్రలోని కథకు వస్తాను. న్యూజిలాండులోని ఆక్లండ్‌లో గ్రాహమ్ లిగ్గిన్స్ గొర్రెలమీద ప్రయోగాలు చేస్తుండగా, స్టెరాయిడ్ అందిన గొర్రెపిల్ల నెలలు నిండకుండా పుట్టినా, బతికే అవకాశం లేదనుకున్న దశలో కూడా దాని ఊపిరితిత్తుల్లోకి కొంత గాలి చేరడం గమనించారు. ఆ తరవాత రాస్ హోవీతో కలిసి 282 మంది తల్లులమీద చేసిన ప్రయోగ ఫలితాలను 1972లో ప్రకటించారు. అనుకోకుండా ముందుగా నొప్పులు వచ్చిన తల్లుల బిడ్డల్లో, పుట్టిన తొలి రోజుల మరణాలు మందు అందినవారిలో 3.2 శాతం, అందనివారిలో 15 శాతం. ఇంత తేడా చూశాక ప్రపంచమంతా మర్నాటినుంచే ఈ ఇంజక్షన్ ఇవ్వడం మొదలుపెట్టి ఉంటుందని అనుకుంటాం. అలా జరగలేదు. తరవాత వచ్చిన చిన్న చిన్న ప్రయోగాల్లో కొన్నింటి గీతలు నిట్టగీతను తాకాయి, కొన్ని దాటాయి. ఒక్కోదాన్ని విడిగా చదివిన వైద్యులకు, కొందరికి పనిచేసిందట, కొందరికి చేయలేదట అన్న అభిప్రాయం మిగిలింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు నిపుణులను సమావేశపరచి ఈ మందును గట్టిగా సిఫారసు చేసేసరికి 1994 వచ్చింది. మధ్యలో ఇరవై రెండేళ్లు గడిచాయి. ఆ కాలంలో పుట్టి, ఊపిరందక పోయిన బిడ్డల్లో ఎందరో బతికి ఉండేవారు. తరగతిలో ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ నాకు గొంతు పట్టుకునేది.

ఏడు గీతలను కలిపి లెక్కవేసినప్పుడు వచ్చిన వజ్రం స్పష్టంగా ఎడమవైపున ఉంది. బిడ్డ చనిపోయే అవకాశాన్ని ఈ మందు 30 నుంచి 50 శాతం వరకు తగ్గిస్తుందని దాని భావం. నిట్టగీతను దాటిన ఒక చిన్న ప్రయోగం మందు పనిచేయదని చెప్పలేదు. తనకు తెలియదని మాత్రమే చెప్పింది. తెలియదు అన్నదాన్ని లేదు అని చదివినందుకు ఎంత మూల్యం చెల్లించామో ఆ ముద్ర ప్రతి పేజీలోనూ గుర్తుచేస్తుంది. ఒక సంస్థ తన గుర్తుగా ఒక విశ్వాస అంతరాన్ని ఎంచుకోవడం కన్నా గౌరవనీయమైన పని నాకు తోచదు.

ఈ అంశంమీద 2020లో సవరించిన సమీక్షనే నేను ఆ రోజు తెరిచింది. 27 ప్రయోగాలు, 11,272 మంది స్త్రీలు, 11,925 మంది శిశువులు. పుట్టిన నెలలోపు శిశుమరణాల నిష్పత్తి 0.78, అంతరం 0.70 నుంచి 0.87. ఊపిరాడని జబ్బు విషయంలో 0.71, అంతరం 0.65 నుంచి 0.78. మెదడులో రక్తస్రావం విషయంలో 0.58, అంతరం 0.45 నుంచి 0.75. మూడింటిలోనూ పై చివర కూడా 1 కన్నా బాగా దిగువనే ఉంది. అంటే సమాచారంతో పొసిగే విలువల్లో మనకు అతి తక్కువ అనుకూలమైనదాన్ని తీసుకున్నా మేలు మిగులుతోంది. పుట్టే బరువు సంగతి చూస్తే, సగటు తేడా 14 గ్రాముల తగ్గుదల, అంతరం సుమారు 34 గ్రాముల తగ్గుదలనుంచి 6 గ్రాముల పెరుగుదల వరకు. ఇక్కడ చూసేది నిష్పత్తి కాదు, గ్రాముల తేడా కాబట్టి నిట్టగీత సున్నా దగ్గర ఉంటుంది. ఈ అంతరం దాన్ని దాటింది. కానీ రెండు చివరలూ చాలా చిన్నవి, ముప్పై నాలుగు గ్రాములు ఏ తల్లికీ ఆందోళన కలిగించే బరువు కాదు. కాబట్టి ఇక్కడ తేడా లేనట్టే అని ధైర్యంగా చెప్పవచ్చు. అంతరం 1ని, లేదా సున్నాను దాటిందా లేదా అన్న ఒక్క ప్రశ్నతో ఆగిపోయేవారు ఈ సంగతిని గ్రహించలేరు. దాటిన తరవాత రెండు చివరలూ ఎంత దూరం వెళ్ళాయన్నదే అసలు ప్రశ్న. బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో మార్టిన్ గార్డ్‌నర్, డగ్లస్ ఆల్ట్‌మన్ 1986లోనే ఈ సంగతి నొక్కి చెప్పారు. పీ విలువలు (కనబడిన తేడా యాదృచ్ఛికంగా వచ్చేదేనా అని తూచడానికి వాడే అంకెలు) చూపి ఫలితం ఉంది, లేదు అని తేల్చేయకుండా అంతరాలు ప్రకటించండని పరిశోధకులను కోరారు.

బావగారి రెండో ప్రశ్న తల్లి గురించి. ఇదే సమీక్షలో తల్లి మరణాల వరుస చూశాను. నిష్పత్తి 1.19. అది ఒక్కటే చదివితే ముప్పు 19 శాతం పెరిగిందని గుండె గుభేలుమంటుంది. పక్కనున్న అంతరం 0.36 నుంచి 3.89. అంటే మూడోవంతుకు తగ్గించి ఉండవచ్చు, దాదాపు నాలుగు రెట్లు చేసి ఉండవచ్చు, ఇందులో ఏదీ సమాచారానికి విరుద్ధం కాదు. కారణం తేలికగానే అర్థమవుతుంది. ఈ ప్రయోగాల్లో తల్లులు చనిపోవడం చాలా అరుదుగా జరిగింది, అరుదైన సంఘటనలను కొన్ని వేలమందిలో లెక్కిస్తే అంతరం ఇలాగే బారలు చాస్తుంది. ఇక్కడ సమీక్ష భాషమీద నాకొక గట్టి అభ్యంతరం ఉంది. తల్లి మరణంలో బహుశా పెద్ద తేడా ఉండదని ఆ సమీక్ష రాసింది. వెంటనే, అంతరాలు వెడల్పుగా ఉన్నాయని, మేలుకూ కీడుకూ రెండింటికీ అందులో చోటుందని కూడా రాసింది. రెండో వాక్యం ఉన్నందుకు రచయితలను అభినందిస్తాను. అయినా మొదటి వాక్యాన్ని ఆ మాటల్లో రాయకూడదన్నది నా అభిప్రాయం. పుట్టే బరువు దగ్గర తేడా లేనట్టే అనడానికి ఆధారం ఉంది. తల్లి మరణం దగ్గర ఉన్నది తేడా ఉందో లేదో చెప్పలేనంత తక్కువ సమాచారం. ఈ రెండింటికీ దాదాపు ఒకే రకం మాట వాడితే, ముద్రలో అంత అందంగా చెప్పిన పాఠాన్ని పేజీలో మరిచిపోయినట్టవుతుంది. బావగారికి నేను ఉన్నది ఉన్నట్టే చెప్పాను: తల్లికి ముప్పుందని ఎవరూ చూపించలేదు, లేదని కూడా లెక్కతో నిరూపించలేదు, బిడ్డకు మేలన్నది మాత్రం గట్టిగా తేలింది. ఆయన తల ఊపి, డాక్టరుగారి దగ్గరకు వెళ్ళి, ఇన్ఫెక్షన్ లక్షణాలేవైనా ఉన్నాయేమో చూస్తున్నారా అని అడిగి వచ్చారు. సరైన ప్రశ్న అది.

అది సరైన ప్రశ్న ఎందుకయిందో చెప్పాలంటే ఒక్క వజ్రంతో ఆగిపోకూడదు. అర్జెంటీనా, గ్వాటెమాలా, భారత్, కెన్యా, పాకిస్తాన్, జాంబియా, ఈ ఆరు దేశాల్లో దాదాపు లక్ష కాన్పులతో జరిగిన యాక్ట్ అనే ప్రయోగం ఫలితాలు 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. మన దేశంలో బెళగావి, నాగపూర్ ప్రాంతాల్లో అది జరిగింది. గ్రామాల్లోని చిన్న కేంద్రాల్లో కూడా ఈ ఇంజక్షన్ అందేలా సిబ్బందికి శిక్షణ ఇచ్చి, కొన్ని ప్రాంతాలను ఆ ఏర్పాటుకు, కొన్నింటిని పోలికకు యాదృచ్ఛికంగా కేటాయించారు. బాగా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డల్లో నెలలోపు మరణాల నిష్పత్తి 0.96, అంతరం 0.87 నుంచి 1.06. మొత్తం బిడ్డలందరినీ లెక్కిస్తే 1.12, అంతరం 1.02 నుంచి 1.22. ఈ రెండో అంతరం పూర్తిగా కుడివైపున ఉంది, అంటే మరణాలు పెరిగాయి. తల్లులకు ఇన్ఫెక్షన్ సోకినట్టు అనుమానించిన సందర్భాలు కూడా పెరిగాయి. మందు మారలేదు. చుట్టూ ఉన్న వైద్యం మారింది. గర్భం ఎన్నో వారమో కచ్చితంగా తెలియని చోట, నెలలు నిండబోతున్న తల్లులకు కూడా ఇంజక్షన్ అందింది. చిన్న బిడ్డను చూసుకునే సదుపాయం అన్నిచోట్లా లేదు.

ఆ సందేహాన్ని తీర్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ మరో ప్రయోగం చేయించింది. బంగ్లాదేశ్, భారత్, కెన్యా, నైజీరియా, పాకిస్తాన్‌లలోని 29 ఆసుపత్రుల్లో, అల్ట్రాసౌండుతో గర్భం వయసు నిర్ధారించుకుని, 2,852 మంది తల్లులకు డెక్సామెథసోన్ గాని ఉత్తుత్తి మందు గాని ఇచ్చారు. 2020లో వెలువడిన ఫలితం ప్రకారం శిశుమరణాలు మందు అందినవారిలో 19.6 శాతం, అందనివారిలో 23.5 శాతం. నిష్పత్తి 0.84, అంతరం 0.72 నుంచి 0.97. తల్లులకు బాక్టీరియా ఇన్ఫెక్షన్ సోకి ఉండవచ్చన్న సందర్భాల నిష్పత్తి 0.76, అంతరం 0.56 నుంచి 1.03. ఈ అంకెలను మనుషుల లెక్కలోకి మార్చుకుంటే మరింత తేటపడుతుంది. మందు లేనిచోట నూరుమంది బిడ్డల్లో ఇరవై ముగ్గురు, ఇరవై నలుగురు పోతుంటే, మందు వల్ల మిగిలే ప్రాణాలు సుమారు నాలుగు. అంతరం ఒక చివరన అది ఒకటికన్నా తక్కువ, మరో చివరన ఆరుకు మించి ఉంటుంది. ఒక చవకైన ఇంజక్షన్ నుంచి ఇంతకన్నా ఏం కోరతాం? కాని ఆ మేలు, గర్భం వయసు సరిగ్గా తెలిసి, పుట్టిన బిడ్డను చూసుకునే ఏర్పాటున్న ఆసుపత్రిలో కలిగిన మేలు. మన కేంద్ర ఆరోగ్య శాఖ 2014 మార్గదర్శకాలు 24 నుంచి 34 వారాల మధ్య ఆరేసి మిల్లీగ్రాముల చొప్పున నాలుగు మోతాదులు అని చెప్పాయి. నర్సు కేస్ షీటులో రాసింది సరిగ్గా అదే.

కాక్రేన్ లైబ్రరీ వాడేవారికి నేను మరీ మరీ చెప్పేది ఇది: సారాంశంలోని ఒక్క అంకె తీసుకుని వెనుదిరగవద్దు. లోపల ఫారెస్ట్ ప్లాట్ అనే బొమ్మల్లో ఒక్కో ప్రయోగం ఏ దేశంలో, ఎప్పుడు జరిగిందో, దాని గీత ఎటువైపు ఉందో కనబడుతుంది. మన పరిస్థితికి దగ్గరగా ఉన్న గీతలు ఏవో వెతుక్కోవాలి. ఈ సమీక్షలో పది ప్రయోగాలు వనరులు తక్కువగా లేదా ఓ మోస్తరుగా ఉన్న దేశాల్లో జరిగినవి. ఆ భాగం చదవకుండా మన జిల్లా ఆసుపత్రికి దాన్ని అన్వయించలేం.

ఇంత గంభీరం కాని ఒక ఉదాహరణ కూడా చెబుతాను, ఎందుకంటే ఈ సేవ ఇంటింటి ప్రశ్నలకు కూడా పనికొస్తుంది. జలుబు చేయకుండా రోజూ విటమిన్ సీ బిళ్ళలు చప్పరించేవారు మనలో ఎంతోమంది ఉన్నారు. హారీ హెమిలా, ఎలిజబెత్ చాకర్ 2013లో సవరించిన సమీక్షలో, రోజూ వేసుకున్నవారికి జలుబు వచ్చే అవకాశాన్ని సాధారణ జనంలో 10,708 మందిలో చూశారు. నిష్పత్తి 0.97, అంతరం 0.94 నుంచి 1.00. ఎంత ఇరుకైన అంతరమో చూడండి. తల్లి మరణాల అంతరం తెలియదని చెప్పింది. ఇది మాత్రం తెలుసునని, ఉన్నా అతి స్వల్పమేనని చెబుతోంది. వచ్చిన జలుబు తగ్గే కాలం మాత్రం రోజూ వేసుకునే పెద్దల్లో 8 శాతం, పిల్లల్లో 14 శాతం తగ్గింది. వాటి అంతరాలు 3 నుంచి 12, 7 నుంచి 21. మారథాన్ పరుగు తీసేవారు, మంచుమీద స్కీయింగ్ చేసేవారు, చలిప్రాంతాల్లో కసరత్తు చేసే సైనికులు, ఇలా 598 మందిలో మాత్రం జలుబు వచ్చే అవకాశం సగానికి తగ్గింది: 0.48, అంతరం 0.35 నుంచి 0.64. జలుబు మొదలయ్యాక వేసుకుంటే స్థిరమైన ఫలితమేదీ కనబడలేదు. మా వీధిలో అందరూ చేసేది ఆఖరిదే. ఒక్క పేజీలో ఇన్ని రకాల అంతరాలు పక్కపక్కన దొరకడం విద్యార్థులకు పెద్ద సంపద. అధ్యాపకులెవరైనా ఈ సమీక్షతోనే పాఠం మొదలుపెట్టాలని నా సలహా.

లోపాల సంగతి కూడా దాచకుండా రాయాలి. పూర్తి సమీక్షలు వందల పేజీలు నడుస్తాయి. అలవాటు లేనివారు ఫలితాల సంగ్రహ పట్టిక ఎక్కడుందో పట్టుకునేలోపే అలిసిపోతారు. ముందే చెబుతున్నాను, సారాంశం దాటగానే వచ్చే ఆ పట్టికనే నేరుగా తెరవండి. అందులో నూటికో, వెయ్యికో ఎంతమంది అన్న లెక్క అంతరంతో సహా ఉంటుంది. కొన్ని సమీక్షలు చాలా ఏళ్లుగా సవరణ లేకుండా ఉన్నాయి కాబట్టి పైన రాసిన తేదీ చూసుకోవాలి. ఇవి సర్దుకోదగ్గ ఇబ్బందులు.

సర్దుకోలేనిది మరొకటి ఉంది. సామాన్యుల కోసం ప్రతి సమీక్షకూ సరళ భాషలో ఒక సారాంశం రాస్తారు. సదుద్దేశంతో చేసే పనే. కానీ ఆ సారాంశాల్లో తరచు అంతరాలు మాయమవుతాయి. తగ్గించవచ్చు, బహుశా తగ్గిస్తుంది, తేడా ఉండకపోవచ్చు అనే మాటలే మిగులుతాయి. సామాన్యుడికి అంకెలు అర్థం కావని ఎవరు తీర్మానించారు? కూరగాయల బండి దగ్గర, చీటీపాట దగ్గర, పంట దిగుబడి అంచనా దగ్గర మనవాళ్ళు రోజూ ఇంత నుంచి ఇంత వరకు అనే లెక్కే వేస్తారు. ఎకరానికి ఇరవై ఐదు నుంచి ముప్పై బస్తాలు రావచ్చని రైతు చెప్పేది కూడా ఒక అంతరమే. ఆ రైతుకే కూతురి ఇంజక్షన్ దగ్గర మాత్రం రెండు చివరలూ చెప్పకుండా, బహుశా అనే ఒక్క మాట ఇవ్వడం న్యాయం కాదు. ఈ సారాంశాలు తమిళంలో చదవడానికి దొరుకుతున్నాయి. తెలుగులో నాకు కనబడలేదు. వేలూరు అంత దగ్గరలో ఉండగా, తెలుగు చదివే వైద్య విద్యార్థులు, గణాంక అధ్యాపకులు ఇంతమంది ఉండగా, ఈ లోటును మనమే తీర్చుకోవచ్చు. అనువాదానికి చేయి కలపమంటే నా మిగిలిన సమయమంతా ఇస్తాను.

మేనకోడలికి నాలుగు మోతాదులూ పూర్తయిన రెండు రోజులకు పాప పుట్టింది. నవజాత శిశువుల వార్డులో పందొమ్మిది రోజులుంది, ఇప్పుడు పాలు బాగానే తాగుతోంది. ఇంజక్షన్ వల్లనే పాప బతికిందా అని బావగారు అడిగారు. అది ఏ సమీక్షా చెప్పలేదు. మందు అందకపోయినా నూరుమందిలో డెబ్బై ఆరు, డెబ్బై ఏడు మంది బతికిన ఆసుపత్రుల లెక్క పైన రాశాను. మా పాప ఆ డెబ్బై ఆరుగురిలో ఒకతో, మందు నిలబెట్టిన నలుగురిలో ఒకతో తెలుసుకునే దారి లేదు. అందుకే ఒక ఇంటి అనుభవంతో మందును మెచ్చుకోవడం గాని, మరో ఇంటి దుఃఖంతో దాన్ని నిందించడం గాని నాకు సమ్మతం కాదు.

ఆసుపత్రినుంచి ఇంటికి వచ్చాక, ఆ సమీక్షకు తెలుగు సారాంశం ఉంటే ఎలా ఉండాలో ఒక కాగితంమీద రాసి చూశాను. బావగారు చదివి, ఇది అర్థమైంది అన్నారు కాబట్టి ఇక్కడ ఉంచుతున్నాను: "నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదమున్న తల్లులకు ఈ ఇంజక్షన్ ఇస్తే, ఇవ్వనప్పుడు నూరుగురు పసిబిడ్డలు చనిపోయేచోట 78 మంది చనిపోతారని అంచనా. ఆ సంఖ్య 70 కావచ్చు, 87 కావచ్చు. పుట్టే బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు. తల్లి ప్రాణానికి మేలో కీడో తేల్చడానికి చాలినంత సమాచారం ఇంకా పోగుపడలేదు."